గడప మీది డాక్టర్

పెన్సిల్ చెక్కిన వాసన తగిలితే నా జీవితంలోకెల్లా తెలివైన బేరం గుర్తొస్తుంది. నోరు విప్పకుండా, ఎదుటివాళ్ళకు తెలియకుండా ఆడాను. ఫిజీ దీవుల్లో, లంబాసా ఊళ్ళో దుకాణం నడిపిన మా నాయన ఉంటే ముందు భుజం తట్టేవాడు, ఆనక చెవి మెలిపెట్టేవాడు.

అప్పుడు నేను రాజధాని సువాలో, పైచదువు చదివే డాక్టర్ల పరీక్షకు కొత్త పరీక్షకుణ్ణి. పెద్ద పరీక్షకురాలు సరోజినీ మేడమ్. నాకు వైద్యం నేర్పిందీ ఆవిడే. గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద వచ్చిన తన నాయనమ్మ దగ్గర విన్న తెలుగును ఫిజీ హిందీతో కలిపి నాతో మాట్లాడేవారు.

“పాస్‌కి యాభై అని ఎవడు పెట్టాడు? సముద్రం అవతలవాడు. కష్టం పేపరుకీ యాభై, సులువు పేపరుకీ యాభై. కైసే చలీ, బేటా, ఎలా కుదురుతుంది?”

ఆవిడ పద్ధతి వేరు. వాయినికోరో లాంటి మారుమూల చోట ఒంటరిగా డ్యూటీలో ఉన్నా రోగికి ముప్పు తేకుండా నెట్టుకురాగల డాక్టరును తలచుకోవాలి. గొప్పవాడు కాదు, పనికిరానివాడూ కాదు. మేడమ్ పెట్టిన పేరు ‘గడప మీది డాక్టర్’. అలాంటివాళ్ళు పదిమంది ఉంటే ఈ ప్రశ్నకు ఎందరు సరిగ్గా రాస్తారు? పరీక్షకులం ఆరుగురం విడివిడిగా ఒక్కో ప్రశ్నకూ అంకె వేయాలి. ఆ అంకెల సగటును నూటికి లెక్కగడితే అదే పాస్ మార్కు.

నాకు ఏడు తోచిన చోట తొమ్మిది వేశాను, అయిదు తోచిన చోట ఏడు. చివరి ధర ముందే చెప్పేవాడు మా ఇంట పుట్టలేదు. పెన్సిల్ ఇచ్చారంటే చర్చ ఉంటుంది, చెరుపుకోవడం ఉంటుంది, మిగతావాళ్ళు కిందికి లాగుతారు, నేను పోనీలే అని దిగుతాను, అదీ నా ఎత్తు.

ఎవరూ లాగలేదు. మేడమ్ కాగితాలు తీసుకుని కూడేశారు. పాస్ మార్కు అరవై నాలుగు. లంబాసా ఆసుపత్రి నుంచి వచ్చి పరీక్ష రాసిన డాక్టర్ సెరాకు అరవై రెండు.

“రెండే మార్కులు, పాపం,” అని మేడమ్ నా వైపు చూశారు. “అందరూ మనసులో ఉన్నదే రాశారు కదా?”

“ఔను మేడమ్,” అన్నాను.

మళ్ళీ ఏడాది పరీక్షలో సెరా గట్టెక్కింది. ఆ రోజే ధైర్యం వచ్చి అంతా చెప్పేశాను. మేడమ్ పాత కాగితం తీసి నా అంకెలన్నిట్లో రెండేసి తగ్గించి మళ్ళీ కూడారు. అరవై ఒకటి కూడా రాలేదు.

“మీ నాయన దుకాణంలో ధర తగ్గించమనేవాడు ఎదురుగా నిలబడతాడు. ఈ గదిలో సెరా ఉందా, బేటా, బేరమాడడానికి?”

తిట్టి ఉంటే బాగుండేది. “లంబాసా పో. నువ్వే చెప్పు,” అన్నారు.

వెళ్ళాను. వార్డు బయట సెరా విని, “తబ్ హమ్ పాస్ రహా?” అంది. అప్పుడే పాసయ్యానా అని. నవ్వబోయి ఆగింది. పరీక్షకు చదువుకోవడానికి ఆ ఏడాదంతా పసిబిడ్డను టాబియా ఊళ్ళో తల్లి దగ్గర ఉంచిందట. “వాడు మొదటి అడుగు వేసింది నేను చూడలేదు, డాక్టర్,” అని రౌండ్స్‌కి వెళ్ళిపోయింది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ కుర్చీలో నేనున్నాను. పెన్సిళ్ళు చెక్కి కొత్త పరీక్షకులకు పంచేటప్పుడు నా బేరం ఖరీదు దాచకుండా చెబుతాను: సెరాకు ఒక ఏడాది, అందులో బిడ్డ మొదటి అడుగు. నాకు లంబాసా దాకా ఒక ప్రయాణం.