ఉప్పు పల్లీల లెక్క

ఒక బస్తా కొడవళ్లతో మా దుకాణం కుత్తుక తెగినంత పని ఒకసారి జరిగింది. చేసింది మరెవరో కాదు, నేనే. అదీ బాగా ఆలోచించి మరీ చేశాను.

తొంభైల మొదట్లో మోత్కూర్‌లో మాకు తాళ్లు, చేటలు, కొడవళ్లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. కోడలినైన నేను దుకాణంలో కూర్చుంటానంటే మా మామ ముఖం చిట్లించాడు.

"సదువు రాదు, ఏ సరుకెంతున్నదో నీకెట్ల ఎరుకైతది? వరికోతల దాక చూస్త. లెక్క తప్పినవో, జాగా కిరాయికిస్త."

గల్లాపెట్టె తాళంచెవి మాత్రం తన మొలతాడుకే కట్టుకున్నాడు.

నేను ఊరుకుంటానా? ఒక్కో సరుకుకు ఒక్కో మట్టి గురుగు పెట్టాను. తాళ్లకు చింతగింజలు, చేటలకు గులకరాళ్లు, అటక మీది కొడవళ్లకు పల్లీలు. ఎన్ని కొడవళ్లో అన్ని పల్లీలు. ఒకటి అమ్మితే ఒక గింజ తీసేయాలి. గురుగు ఖాళీ అయితే సరుకు తెప్పించాలి. పురుగు పట్టకూడదని పల్లీలు వేయించాను. ఎన్నాళ్లున్నా చెడిపోకూడదని ఉప్పునీళ్లు కూడా చల్లాను. నా తెలివికి నా దిష్టే తగులుతుందేమోనని భయమేసింది. మామకు మాత్రం చెప్పలేదు, గెలిచాక చెబుదామని.

కోతల ముందు నార్కట్‌పల్లిలో చెల్లెలింటికి మూడు రోజులు పోయాను. దుకాణంలో మామ కూర్చున్నాడు. తిరిగొచ్చి చూస్తే పల్లీల గురుగు నున్నగా ఉంది! కొడవళ్లన్నీ అమ్ముడుపోయాయని ఎగిరి గంతేశాను. మామకు చెప్పనే లేదు కదా, గింజలెవరు తీశారన్నది నాకు తట్టనే లేదు. అటకెక్కి చూడొచ్చు కదా అంటారేమో. నా గురుగు చెప్పాక ఇక అటకనేం అడిగేది? మా ఆయన్ను పట్నం తరిమి మరో బస్తా తెప్పించాను.

దాన్ని అటకెక్కించబోతే, పైన పాత బస్తా నిండు చూలాలిలా కూర్చుని ఉంది.

"ఏందిది? ఊరోళ్లందరి మెడలు కోస్తవా?" మామ అరిచాడు. "అయిపాయె. రేపే జాగా కిరాయికిస్త."

"జర ఆగు మామా. గీ గురుగుల పల్లీలెటు పోయినయి?"

"తిన్న."

"అన్నీనా?"

"మరి? నాకోసమే పెట్టినవనుకున్న. ఉప్పు మంచిగ పట్టింది."

నెత్తి కొట్టుకుంటూ గురుగుల కథంతా చెప్పాను. మామ నమ్మలేదు. గులకరాళ్లు లెక్కపెట్టాడు, లేచి గోడకున్న చేటలు లెక్కపెట్టాడు. సరిపోయాయి. ఖాళీ గురుగు చేతిలోకి తీసుకుని తలకిందులు చేసి దులిపాడు.

"అంటే... నేను మూడొద్దులల్ల బస్తెడు కొడవండ్లు తిన్ననా?"

"తిన్నవు. మీదికెల్లి నీళ్లు గూడ తాగినవు."

మామ పడి పడి నవ్వాడు. ఆ ఆదివారం రెండు బస్తాలూ బండికెత్తించి అంగడిలో తనే కూర్చున్నాడు. "నేను బస్తెడు తిని అరిగించుకున్న కొడవండ్లు! రాండ్రి, రాండ్రి!" కథ వినడానికి జనం మూగారు. విన్నవాడల్లా నవ్వుకుంటూ ఒకటి కొనుక్కుపోయాడు. పొద్దుగుంకేసరికి ఒక్కటి మిగల్లేదు.

ఇంటికొచ్చి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు లెక్క తప్పలే బిడ్డా. లెక్కను నేను తిన్న."

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కానీ గురుగులు తీసేయలేదు. పల్లీల జాగాలో సీతాఫలం గింజలు వేశాను, ఎవరు తింటారో చూద్దామని. మొన్న మా మనవరాలు ఫోన్లో చీరల దుకాణం పెట్టి, "సరుకు తగ్గితే ఇదే చెప్తది అవ్వా" అని మురిసింది.

"ఎవలు తిన్నరో గూడ చెప్తదా?" అన్నాను.

చెప్పదట. నా గురుగు కన్నా ఏం ఎక్కువ చదివినట్టు మరి!

చివరగా, మూడు గురుగుల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఈ జన్మలో ఇక లెక్కకు ఉప్పు చల్లను.