దయ్యం ఇంట్లో ప్రార్థన

ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల పక్కన సీడీలు కూడా పరిచేవారు. ఆ దయ్యం గేమ్ నాకు అక్కడే దొరికింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అట్ట మీద ఒక ఇల్లు, కిటికీలో ఒక ఆడమనిషి, అర్థంకాని ఏదో లిపి. తోటివాళ్ళంతా తుపాకుల గేముల్లో మునిగి తేలుతుంటే నేను దీన్ని నెత్తిన పెట్టుకున్నాను.

దాంట్లో తుపాకీ లేదు, కత్తి లేదు. పాతింట్లో నడవడమే పని, అదీ నత్తనడక. చచ్చిపోయిన ఒకావిడ, రాని చుట్టాల కోసం ఆ ఇంట్లో బల్ల మీద పళ్ళేలు సర్దుతూ ఉంటుంది. ఎక్కడో నీళ్ళు కారే చప్పుడు. మనం రెండు గదులు దాటేలోగా ఆవిడ గట్టిగా కేక వేస్తుంది, ఆట ఖతం. నాంపల్లి నెట్ సెంటర్‌లో మా క్లాసువాళ్ళకు చూపిస్తే పడి పడి నవ్వారు.

"గిది గేమా? ఎవర్ని చంపాలె గిండ్ల?" అన్నాడొకడు.

చంపడానికి ఎవరూ లేకపోవడమే నాకు నచ్చిందంటే ఇంకా నవ్వారు. ఒళ్ళు మండింది. పాయసం తింటూ ఇందులో కారమేదని అడిగేవాళ్ళకు ఏం చెప్తాం?

అసలు గండం ఇంట్లో వచ్చింది. పక్కింటి ఆంటీ కిటికీలోంచి ఆ కేక విని మావాళ్ళకు చెప్పింది. మాది ప్రార్థన లేనిదే పొయ్యి వెలగని ఇల్లు. నాన్న ఇంతెత్తున లేచాడు.

"దయ్యాలను ఇంట్లకు తెస్తరా ఎవరన్న? ఇయ్యి, ఇరగ్గొడత."

పోతే ఆ సీడీ మళ్ళీ దొరకదు. నాకు ఏడుపొచ్చింది.

"జర ఆగున్రి. సూడకుండ తీర్పు చెప్పొద్దు. నేను సూస్త," అని అమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

అమ్మ మా చర్చి సంఘం ఆడవాళ్ళతో కలిసి ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళేది. రోగులు, ఇంట్లో మనిషి పోయినవాళ్ళు, ఒంటరివాళ్ళు. ఆ వెళ్ళడానికి ఒక పద్ధతి ఉండేది. నేను గేమ్ మొదలుపెట్టి గదిలోకి దూరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏంది గట్ల సొరవడతవు? తలుపు కొట్టు ముందుగాల."

"అమ్మా, ఇది గేమ్."

"అయితే? ఆమె ఇల్లు కాదా?"

మౌస్‌తో తలుపు మీద నొక్కితే టక్‌టక్‌మంది. అలా నొక్కొచ్చని నాకు అంతవరకు తెలియదు. లోపల ఆవిడ పక్కకు జరిగింది. కేక లేదు. తర్వాతి గదిలోనూ అంతే. చివరికి బల్ల దగ్గర ఆవిడే కుర్చీ లాగి, నేను కూర్చున్నాక పళ్ళెం పెట్టింది.

ఆ తర్వాత ఇంకేమీ జరగలేదు. విసుగొచ్చి లేవబోయాను.

"గిప్పుడే లేస్తే ఆమె ఏమనుకుంటది? ప్రార్థన చేసినంక పోదాం," అని అమ్మ కళ్ళు మూసుకుంది. నేనూ మౌస్ వదిలేసి మూసుకున్నాను.

మా సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించరు. అమ్మ ఆ సంగతే మరిచిపోయింది. ఆవిడ కోసం, ఆవిడ చుట్టాల కోసం, బిడ్డలుంటే ఆ బిడ్డల కోసం తీరిగ్గా అడిగింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి నీళ్ళ చప్పుడు ఆగిపోయి ఉంది. ఆవిడ లేదు. వీధి తలుపు తెరుచుకుని, ఎండ బల్ల దాకా వచ్చింది. ఏదీ ముట్టుకోకుండా ఆవిడతో కాసేపు కూర్చోవడమే ఆ ఆటలో గెలుపు.

నాన్న గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏమైంది? దయ్యం ఉన్నదా?"

"ఔ, ఉండె. పోయింది పాపం," అని అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "సీడీ జోలికి రాకున్రి. మేం మళ్ళ ఆడతం."

నాకు నచ్చినదాన్ని నా పక్కన కూర్చుని ఇంకొకరు చూడడం అదే మొదటిసారి.