కోతమిగులు కోటు, హోటలు భోజనం

మా తమ్ముణ్ణి పనిచేసేచోట అందరూ కత్తెర అని పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే రెండోసారికి గాని పలికేవాడు కాదు. కత్తెర అంటే మాత్రం టక్కున తల తిప్పేవాడు. యూనిఫారాలు కుట్టే కంపెనీలో కటింగు బల్ల వాడిది. అదే కంపెనీలో కాజాలు, గుండీలు నావి.

ఎవరైనా మీవాడు టైలరట కదా అంటే నాకు ఒళ్ళు మండేది. టైలరు ఒక మనిషికి కోస్తాడు. మావాడు ఒక్క కోతకి ఒక వీధికి సరిపడా కోస్తాడు. బట్టను పొరమీద పొరగా బల్లమీద పరిచి, అట్ట నమూనా పెట్టి, సుద్దతో గీసి, కరెంటు కత్తి పట్టుకున్నాడంటే గీత మీంచి వెంట్రుకవాసి పక్కకు పోయేది కాదు. సైజులు మూడే: స్మాల్, మీడియం, లార్జ్. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపు పెట్టి కొలిచిన పాపాన వాడు ఎప్పుడూ పోలేదు. ఆ అవసరమే రాలేదు.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. బట్ట తాను చివర, బల్ల పొడవునా పరవడానికి చాలకుండా మిగిలింది కటింగు మాస్టరుకి చెందుతుంది. దాన్ని కోతమిగులు అనేవాళ్ళం. ఎవరూ రాసిపెట్టింది కాదు, పెద్ద యజమాని ఉన్నప్పటినుంచీ నడుస్తున్నది. అందుకని మా తమ్ముడి ఇంట్లో కొన్న బట్ట అన్నది లేదు. వాడి కూతురు బస్సు కండక్టర్ల ఖాకీ గౌనుతో పెరిగింది. బస్సెక్కితే కండక్టరు, "ఏమ్మా, డ్యూటీలో ఉన్నావా, టిక్కెట్టు వద్దా?" అని ఏడిపించేవాడు. ఆసుపత్రి ఆయాల నీలంరంగు వాళ్ళింట్లో కర్టెన్లయింది. గూర్ఖాల బూడిదరంగు దిండు గలీబులయింది. మా మరదలు తీగమీద ఆరేసిన బట్టలు చూసి, కంపెనీలో ఏ ఆర్డరు నడుస్తోందో వీధిలోవాళ్ళు చెప్పేసేవారు.

కొన్ని ఆర్డర్లు ఎవరికోసమో మాకే తెలిసేది కాదు. మధ్యలో ఉన్న బేరగాడు తానుకి నంబరు చీటీ కట్టి పంపేవాడు. అసలు పార్టీ ఎవరో తెలిస్తే కంపెనీ నేరుగా బేరం కుదుర్చుకుంటుందని వాడి భయం. కుట్టి పంపేవాళ్ళం. అవి ఎవరి ఒంటిమీద పడ్డాయో ఎప్పుడైనా రోడ్డు మీద కనిపిస్తే తెలిసేది, లేకపోతే లేదు.

ఇక మా మరదలు. ఆమెకు నోట్లో నాలుక లేదని అందరూ అనుకునేవారు. ఉంది. పొదుపుగా వాడేది, అంతే. పసిపిల్లల్ని చూసుకునే చోట ఆయా పని చేసేది. పొద్దంతా చంకన ఒకడు, కాళ్ళకి చుట్టుకుని ఇంకొకడు. పిల్లలకు తినిపించి, ఇంటికొచ్చి మొగుడికి పెట్టి, కూతురికి పెట్టి, ఆఖరున పొయ్యి దగ్గరే నిలబడి తాను తినేది. పెళ్ళయినప్పటినుంచి ఏ రంగు తాను వస్తే ఆ రంగే కట్టింది, వేసింది. ఇది కావాలి అని ఏనాడూ అన్నది కాదు.

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చి నిలదొక్కుకున్నాక, ఒక రోజు వచ్చి, "నాన్నా, అమ్మా, వచ్చే నెల మీ పెళ్ళిరోజు ఆదివారం పడింది. పెద్దరోడ్డులో అద్దాల హోటలు లేదూ, అక్కడ మధ్యాహ్నం భోజనానికి టేబులు చెప్పాను. అత్తా, నువ్వు కూడా," అంది.

"అంత పెద్ద హోటలా? బట్టలెలా ఉండాలిట?" అన్నాడు మా తమ్ముడు. వాడికి ముందు వచ్చే ఆలోచన అదే.

"ఫోన్లో చెప్పారు నాన్నా. రబ్బరు చెప్పులు కూడదు. మగవాళ్ళు కాలరున్న చొక్కా వేసుకోవాలి. కోటుంటే మరీ మంచిదట."

"తిండికి పిలుస్తున్నారా, ఫొటోకి పిలుస్తున్నారా?" అన్నాను నేను.

"అత్తా, నువ్వు ఊరుకో. అక్కడికి అందరూ బాగా తయారై వస్తారు."

బయట తినేటప్పటి బట్టల గురించి నా అభిప్రాయం నాకుంది. ఉతికినవై ఉండాలి, ఇస్త్రీ చేసినవై ఉండాలి. చెయ్యి చాపితే చేతి అంచు సూపులో మునగకూడదు. కూర్చుంటే గుండీ తెగి ఎదుటివాడి కంట్లో పడకూడదు. అన్నం తిన్నాక కూడా ఊపిరాడాలి. అంతకు మించి చేసేదంతా హోటలువాడి సంబరం కోసం. ఈ మాటే చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. ఎందుకంటే అప్పుడే మా మరదలు నోరు తెరిచింది.

"నాకు ఆకుపచ్చ గౌను కావాలి," అంది. "కొన్న బట్టతో."

మా తమ్ముడు ఆమె వేరే భాషేదో మాట్లాడినట్టు చూశాడు. "కొన్న బట్టా? కటింగు మాస్టరు ఇంట్లో కొన్న బట్టా? నలుగురూ వింటే నవ్విపోతారే!"

"నలుగురూ ఇప్పుడు మాత్రం ఏడుస్తున్నారా?"

ఆ వారమే వాడు సంచిలో ఒక బట్ట తెచ్చి మంచం మీద పరిచాడు. ముదురు రేగుపండు రంగు. చేత్తో తడిమి చూశాను. లేనిది ఉన్నట్టు చెప్పను, ఉన్నది లేనట్టూ చెప్పను. అంత మంచి బట్ట మా కంపెనీ గడప తొక్కడం అదే మొదలు. నలిపి వదిలితే ముడత నిలవలేదు.

"ఇది ఎవరిదండీ?" అంది మా మరదలు.

"ఎవరిదో. నంబరు చీటీ ఆర్డరు."

"మళ్ళీ ఏ గేటు దగ్గరి మనిషిదో అయ్యుంటుంది."

"నీ మొహం! ఇంత ఖరీదు బట్ట గేటు దగ్గర నిలబడేవాళ్ళకి ఎవడేస్తాడే? ఏ బ్యాంకు మేనేజర్లకో, విమానాలు నడిపేవాళ్ళకో. చూడు అక్కా, నువ్వు చెప్పు, ఇది పెద్దవాళ్ళ బట్ట కాదూ?"

నేనూ కాదనలేకపోయాను. మంచి బట్ట మంచి హోదావాళ్ళదే అవుతుందని మా ఇద్దరి లెక్క. బల్లదగ్గర బతికినవాళ్ళం, బట్టను చూసి మనిషిని ఊహించుకునే అలవాటు.

మా మరదలు ఆ బట్టను మడతపెట్టి మంచం అంచున పెట్టింది. "సరే, ఈసారికి వేసుకుంటాను. కాని అక్కడ ఎవరైనా నా బట్టల మీద ఒక్క మాటన్నా అన్నారంటే, ఇక మీ కోతమిగులు నా ఒంటి మీద పడదు. నా బట్ట నేనే కొనుక్కుంటాను. మాటేనా?"

"మాటే."

"వదినా, మీరే సాక్ష్యం."

వాడికి కోటు, ఆమెకు గౌను, మీదకి పొట్టి కోటు. కోసింది వాడు, కుట్టింది నేను. ఎప్పట్లాగే ఆమెకు మీడియం. వేసుకున్నాక ఒకవైపు కాస్త జారినట్టుంటే, పిన్ను పెట్టుకుంది.

పెళ్ళిరోజు ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. హోటలు ముందు అద్దాల తలుపు తీసి పట్టుకున్న మనిషి వంగి నమస్కారం చేశాడు. ఒంటిమీద రేగుపండు రంగు కోటు. లోపల నీళ్ళు పోస్తున్నవాడిది అదే. ప్లేట్లు మోస్తున్న అమ్మాయిది అదే. ఆ హాలంతా మా కంపెనీ తానే తిరుగుతోంది.

మా తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. తలుపు తీసినతను వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, గొంతు తగ్గించి, "కొత్తగా చేరారా? మనకి వెనకవైపు దారి," అన్నాడు.

"మాకు టేబులుంది," అంది మా మేనకోడలు, తన కొన్న గౌనులో నిటారుగా నిలబడి. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. మా మరదలు మాత్రం తిన్నగా నడిచి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. నా మీద ఎప్పటిదో తెల్లచుక్కల గౌను, దాని జోలికి ఎవరూ రాలేదు.

ఇంకా మెనూ కార్డు తెరవనేలేదు, పక్క టేబులులో ముత్యాల దండ వేసుకున్నావిడ మా మరదలి భుజం తట్టింది. "ఇదిగోనమ్మా, ఇంకో చెంచా తెచ్చిపెట్టు. ఈ నీళ్ళు చూడు, ఒక్క ఐసు ముక్క లేదు."

మా మరదలు మెల్లగా తిరిగింది. "మాకు కూడా ఇంకా చెంచాలు రాలేదండీ. రాగానే మీకొకటిస్తాను."

"అయ్యయ్యో! ఏమనుకోకండి, మీ కోటు చూసి పొరబడ్డాను," అని ఆవిడ దండ సర్దుకుంది.

మా మరదలు మొగుడి వైపు చూసింది. వాడు వింటే కదా! వాడి చూపంతా ఎదురుగా పళ్ళెం ఎత్తుతున్న నెరిసిన మీసాల వెయిటరు మీద ఉంది.

"అక్కా, చంక దగ్గర చూడు," అన్నాడు.

చూశాను. అతను చెయ్యి ఎత్తినప్పుడల్లా కోటు ఒకవైపు మొత్తం పైకి లేస్తోంది. గుండీలు మూలుగుతున్నాయి.

"కోత నాదే," అన్నాడు వాడు. కంపెనీలో మేం చూసేది దండెం మీద వేలాడే బట్టని. అది చేతులు కాళ్ళు ఆడించే మనిషిమీద ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో వాడు నిలబడి చూసిందే లేదు. మరుక్షణం వాడు లేచి వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, ఒక్కసారి చెయ్యి పైకెత్తండి," అన్నాడు వెయిటరుతో.

ఆయన పళ్ళెం దించి చెయ్యెత్తాడు. "చూశారుగా. ఇది కోసినవాడెవడో గాని, మాకు చేతులుంటాయని మర్చిపోయాడు సార్."

"నేనే."

ఆయన వీణ్ణి, వీడి కోటుని చూశాడు. "అయితే మీదీ అంతేనా?"

మా తమ్ముడు చెయ్యెత్తాడు. అంతే. పెద్ద హోటలు నట్టనడుమ ఇద్దరు పెద్దమనుషులు చెరో చెయ్యీ పైకెత్తి, ఒకరి చంక ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఇంకో ఇద్దరు వెయిటర్లు కూడా వచ్చి చేరారు. ఒకడికి మెడ దగ్గర బిగుతు, ఒకడికి వీపు దగ్గర. అన్నిటినీ వాడు చేత్తో తడిమి చూస్తున్నాడు.

ఈలోగా మా టేబులుకి సూపు వచ్చింది. పొగలు కక్కుతోంది. మా మరదలు ఖాళీ కుర్చీని చూసింది, తర్వాత సూపుని చూసింది. మా మేనకోడలు, "నాన్నని పిలవనా అమ్మా?" అంది.

"ఎందుకు? పనిలో ఉన్నారు," అని చెంచా తీసుకుంది.

మొగుడి కంటే ముందు ఆమె తినగా చూడటం నాకు అదే మొదలు. తొందరేమీ లేదు. సూపు తాగింది, రొట్టె తుంచి అడుగు కూడా తుడిచింది. చేప తింది, ముళ్ళు ఒక వరసలో పెట్టింది. ఏదైనా కావాలా అని అడిగినప్పుడల్లా, "ఆ, తీసుకురండి," అంది. మావాడు తిరిగొచ్చేసరికి ఆమె ఐస్‌క్రీములో ఉంది.

"ఏమే, మొదలుపెట్టేశావా?"

"అయిపోవచ్చింది. మీ సూపు చల్లారింది."

"చంక కోత అరంగుళం తప్పే! రేపే అట్ట మార్చాలి. ఆ పెద్దాయన భుజం ఒరుసుకుపోయిందట."

ఆమె చెంచా పక్కన పెట్టింది. "ఒక మాటన్నారు."

"ఎవరు?"

"పక్కావిడ. నన్ను చెంచా తెమ్మంది."

వాడు నా వైపు తిరిగాడు. కాదంటానేమోనని ఆశ.

"విన్నాన్రా," అన్నాను. "చల్లటి నీళ్ళు కూడా అడిగింది."

వాడు కూర్చుని చల్లటి సూపు తాగాడు. కోటు విప్పి కుర్చీ వెనక వేస్తే, పోతూ పోతూ ఎవరో వెయిటరు దాన్ని తమవాళ్ళదే అనుకుని లోపలికి పట్టుకుపోయాడు. మళ్ళీ అడిగి తెచ్చుకోవలసి వచ్చింది.

మర్నాడు కంపెనీలో వాడు కొత్త అట్ట కోశాడు. యజమాని చీవాట్లు పెట్టినా వినలేదు. నేను మా మరదలితో బట్టల కొట్టుకి వెళ్ళాను. కొట్టువాడు ఆకుపచ్చలన్నీ దించాడు. ఆమె ఒక్కొక్కటీ గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి ఎండలో చూసింది. నా కాళ్ళు పీకాయి, కొట్టువాడి ఓపిక పోయింది. ఆమెకు మాత్రం పోలేదు.

బట్ట ఇంటికి రాగానే మా తమ్ముడు చేతులు రుద్దుకున్నాడు. "బట్ట నీదే కదా. కొయ్యడం నేను కోస్తాను. ఇప్పుడు చంక కూడా సరిచేశాను."

"ఏ సైజు కోస్తారు?"

"నీది మీడియమే కదా."

"అందుకే," అని బట్ట తీసుకుని వీధి చివర కుట్టుపని చేసే ఆవిడ దగ్గరికి బయల్దేరింది. వాడూ వెనకాలే వచ్చాడు. ఎందుకొచ్చాడో వాడికే తెలియదు. కుట్టుపనావిడ టేపు తీసి మా మరదల్ని నిలబెట్టి, "కుడి భుజం మీకు బాగా దిగువగా ఉందమ్మా. బరువులేమైనా మోస్తారా?" అంది.

"పిల్లల్ని."

మా తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడు. "ఎంత దిగువండీ?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. వాడు వేళ్ళతో అంత కొలిచి చూసుకున్నాడు. మెడ ఎలా ఉండాలి, చేతులెంత పొడుగుండాలి అని ఆవిడ అడుగుతుంటే, మా మరదలు జవాబులు వెతుక్కుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి రెండు మార్చి చెప్పింది.

గౌను వచ్చాక నలుగురం మళ్ళీ ఆ హోటలుకే వెళ్ళాం. వాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వచ్చాడు. మా మరదల్ని ఎవరూ ఏమీ అడగలేదు. భుజాలు రెండూ చక్కగా కుదిరాయి. రంగు మాత్రం ఆమెకు నప్పలేదు. చిలకలు కూడా అంత పచ్చగా ఉండవు.

"కాస్త ఎక్కువైందమ్మా ఈ రంగు," అన్నాను. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు.

"ఎక్కువే వదినా," అంది మా మరదలు మెనూ కార్డు మీంచి తల ఎత్తకుండానే. "మీరేం తింటారో త్వరగా చెప్పండి, నాకేం కావాలో నేను చెప్పేశాను."