ఇరవై ఒక్క మెట్ల వీణ

సినిమాల్లో గ్రాఫిక్స్ ఎక్కువైతే నాకు ఒళ్లు మండుతుంది. వాన కూడా కంప్యూటర్లోనే కురిపిస్తే ఎలా? మబ్బు పట్టిన రోజు చూసుకుని కెమెరా బయటపెడితే సరిపోదూ? ఇలా అన్నప్పుడల్లా మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీండి. ఒక సినిమా అయితే నన్ను సాయంత్రమంతా ఏడిపించింది. పేరు చెప్పను, దాని కర్మ దానిది.

మా మావ బొబ్బిలిలో వీణలు చేస్తాడు. మా అమ్మకి అన్న, నాకు మామగారు కూడా. అందుకే మా మధ్య మర్యాదలు తక్కువ, కేకలు ఎక్కువ. పనసకర్ర తొలచడం ఇంట్లో ఇంకొకరికీ వచ్చుగాని, మేళం కట్టడం ఆయనొక్కడికే చేతనవును. అంటే వీణ మీద ఇరవై నాలుగు మెట్లనీ మైనంలో నిలబెట్టి, ఒక్కొక్కటీ స్వరానికి కుదిరేదాకా వెంట్రుకవాసి జరపడం. దానికి చెవి ఎంత కావాలో కన్నూ అంతే కావాలి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి ఆ పని మానేశాక, ఆపరేషన్ చేయించుకోమని నేనే పోరుపెట్టాను. "ఉన్న సూపు కూడా పోతే నువ్విత్తావేటే?" అనేవాడు. చివరికి ఎడమ కంటికి ఒప్పించి విజయనగరం తీసుకెళ్లాను. కుడి కన్ను మాటెత్తితే మాత్రం, ముందు ఇది సరిగ్గా పనిచెయ్యనీ అని నోరు మూయించేవాడు.

నెల దాటింది. ఇక పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. అయినా మావ మైనం ముట్టడు. భయం. అప్పుడే రాజాంలో ఆ సినిమా ఆడుతోంది, అందులో రాణి వీణ వాయిస్తుందని అందరూ చెప్పుకుంటున్నారు. నాకు తెలివి పొంగుకొచ్చింది. తెరంత వీణని కళ్లారా చూస్తే మనిషికి ధైర్యం వస్తుంది కదా అని మ్యాటినీకి బస్సెక్కించాను.

ఏనుగులు ఎగిరాయి. కోట కూలింది, కూలిన కోట మళ్లీ లేచింది. పది నిమిషాలకోసారి ఆకాశం బద్దలైంది. నాకు తలపోటు వచ్చి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి రాణి వీణ వాయిస్తోంది, మావ ముందుకు వంగి గాలిలో వేలు కదుపుతూ ఏదో లెక్కపెడుతున్నాడు. ఆపరేషన్ కాని కన్నుని అరచేత్తో మూసుకుని మళ్లీ లెక్కపెట్టాడు. పాట అయిపోగానే సీట్లో వెనక్కి జారబడ్డాడు.

"ఒసే, ఎల్లిపోదాం."

"ఇంకా ఉన్నాది కదా మావా?"

"నాకేటీ అక్కర్నేదు. పద."

బస్సులో కిటికీ వైపు తిరిగి చెప్పాడు. "మెట్లు ఇరవయ్యొకటే కనబడ్డాయే. మల్లీ సూత్తే ఇరవయ్యారు. తంతులు మెట్లకి పైన గాల్లో ఏలాడతన్నాయి. ఈ కన్ను పోనాది."

తప్పు సినిమాదేమోనన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. మా వాళ్లలో ఎవరికీ రాదు. వీణంటే ఇరవై నాలుగు మెట్లు. తేడా కనబడితే చూసేవాడి కన్నే తప్పు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆపరేషన్ చేయించింది నేను. ఆయన చేతిలో పనీ నేనే లాగేశానని ఇంటిదాకా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మావకి ఏం కనబడలేదో డాక్టరుకి సరిగ్గా చెప్పాలి కదా. అందుకని ఇంటికి రాగానే ఆ పాట ఫోనులో పెట్టాను. రాణి చెయ్యి దగ్గర ఆపి, ఆయన ఏ మెట్లు వదిలేశాడో చూద్దామని లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. కళ్లు నులుముకుని మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే. పాట కాస్త జరిపితే ఇరవై ఆరు. ఇంకోచోట రాణి వేలు ఏకంగా కర్రలోకి దిగిపోయి ఉంది.

"ఓలమ్మో! మావా, బేగి రా!"

ఫోను ఆయన ముందు పెట్టి, "ఎన్ని?" అన్నాను.

గోరు కొసతో లెక్కపెట్టాడు. "ఇరవయ్యొకటి," అన్నాడు దిగులుగా.

"నాకూ ఇరవయ్యొకటే!"

"నీకూ పోనాయేటే కళ్లు?"

"నా కళ్లకేటయినాది! అసలక్కడ వీణే నేదు మావా. కంప్యూటర్లో బొమ్మ గీసీసినారు. గీసినోడికి మెట్లెన్నో తెల్దు."

ఆ మాట బుర్రకెక్కడానికి ఆయనకి కాసేపు పట్టింది. తర్వాత మొదలయ్యాయి తిట్లు. "ఏనుగు ఎగరదు, సరే, బొమ్మ గీసుకో. వీణకేటొచ్చినాదిరా? అడిగితే మేవే ఇచ్చీవోళ్లం కదరా!" అని ఫోనునే నిలదీశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పొద్దూ, అంత హాయి నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

తిట్టి తిట్టి అలిసిపోయాక మావ ఫోను మళ్లీ అందుకున్నాడు. కుడి కన్ను మూసుకుని, ఆ దొంగ వీణని ఈసారి తీరిగ్గా చూశాడు.

"పదమూడో మెట్టు కూసింత ఒరిగిపోనాది. సూసినావా?"

నేను చూశాను. నాకు కనబడలేదు.

"ఒసే," అన్నాడు, ఫోను మీంచి తల ఎత్తకుండానే. "కుడి కంటికి ఎప్పుడు రమ్మన్నాడే డాకటరు?"