అల్లుడి చేతికి గెడ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో కొంత పొంగు ఉంటుంది. మా ఆవిడ లెక్కలో అది సగం పైనే. పైన ఉన్న నురగ తీసేసి చదువుకోండి, అడుగున పాలు ఉన్నాయి.

మా మావయ్యగారిది కొల్లేటి ఒడ్డున ఊరు. పెదపాడు దాటాక చెరువుల గట్లు మొదలవుతాయి. అక్కడ ఆయనకో చేపల చెరువుంది, బంగాళాఖాతానికి పినతల్లి కొడుకంత. రోజూ పొద్దున్నే దోనె ఎక్కి, పొడవాటి వెదురు గెడతో నెట్టుకుంటూ వెళ్ళి, చెరువులో పాతిన కర్రలకి మేత సంచులు కడతారాయన. తవుడూ నూనెచెక్కా నింపి, అడుగున చిల్లులు పెట్టిన సంచులవి. చేపలు ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి.

ఆయన కుడి మోకాలు అరిగిపోయింది. అడుగు తీసి అడుగు వేస్తే ఆ చప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఆఫీసు దాకా వినిపించేది. ఆపరేషన్ ఇంకా ఆలస్యమైతే కాలు వంగే ఉండిపోతుందని డాక్టరు చెప్పారు. మావయ్యగారు మాత్రం వాయిదా వేస్తూ వచ్చారు. నిన్నటి సంచి చేత్తో ఎత్తి చూసి, బరువును బట్టి ఈవేళ మేత ఎంత కట్టాలో తేల్చుకోవాలి. ఆ పని పరాయి మనిషికి అప్పగించడానికి ఆయనకి మనసొప్పదు. కొడుకుల్లేరు. ఉన్నదల్లా మా ఆవిడ, ఆవిడ వెనకాల నేను. నాన్న కాలు గురించి బెంగతో ఆవిడకి తిండి సహించడం మానేసింది.

అందుకని ఒక నెల పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి దోనె నడపడం, సంచులు కట్టడం వచ్చేయాలి. ఆయన నిశ్చింతగా ఆసుపత్రిలో పడుకోవాలి.

మేముండే ఏలూరు నుంచి గూడెం ఆఫీసుకి వెళ్ళే రైల్లో, ఫోన్లో ఒక ప్లానింగ్ యాప్ దించుకుని పని మొదలుపెట్టాను. దోనెలో నిలబడుట, గెడ వేయుట, మలుపు తిప్పుట, సంచి కట్టుట. ఒక్కోదానికి ఒక వారం, గుర్తు చేయడానికి ఫోన్లో గంట మోత, వెనకబడితే ఎరుపు, పూర్తయితే పచ్చ. గోదావరి మీద వంతెనకి కూడా అంత ప్లాను వేసి ఉండరు. పక్క సీటాయన తొంగి చూసి, ఎన్ని కోట్ల పనండీ అని అడిగాడు.

ఆ ప్లాను మా ఆవిడ ఫోన్లోనూ మావయ్యగారి ఫోన్లోనూ పెట్టాను. వచ్చిందో రాలేదో చెప్పాల్సింది గురువు కాబట్టి పచ్చ నొక్కే అధికారం ఆయనకే ఇచ్చాను. నేను చేసిన పొరపాటు అదే.

మొదటి ఆదివారం వెళ్ళేసరికి దోనెలో ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. అత్తయ్యగారు దాని మీద దుప్పటి పరిచి, నా చేతికి గొడుగిచ్చారు. ఆయన ఆ మోకాలితో గెడ వేస్తుంటే నేను ఉత్సవ విగ్రహంలా ఊరేగాను. గెడ ఇమ్మని అడిగితే ఆయన గొంతు తగ్గించారు.

"కూర్చోండి అల్లుడుగారూ. అవతలి గట్టు మీద మనుషులున్నారండి."

మా వైపు అల్లుడి చేత పని చేయించుకోవడమంటే ఇంటికొచ్చిన చుట్టం చేత అంట్లు తోమించినట్టే. ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసుతో నాకు పెట్టిన భోజనం ఒక రైలు పెట్టెకి సరిపోతుంది. తిరుగు బస్సులో ఉండగా ఫోన్ మోగింది. దోనెలో నిలబడుట: పచ్చ.

తరువాతి వారాలూ అంతే. నేను కుర్చీలో, ప్లాను పచ్చలో. ఒకరోజు ఫోన్ చేసి ఇదేంటని అడిగాను.

"ఎర్రగా ఉంటే మీ మనసు కష్టపడుతుంది కదండీ" అన్నారు.

ఇంతలో మా ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఏవండీ, అంతా పచ్చగా ఉంది కదా అని ఆసుపత్రిలో డేటు తీసేసుకున్నానండి." ఆవిడ గొంతులో అంత తేలిక విని చాలా రోజులైంది. నాకు గెడ పట్టుకోవడం రాదంటే ఆయన మళ్ళీ వాయిదా వేస్తారు. మళ్ళీ డేటు దొరికేదాకా ఆ కాలు ఆగదు.

సెలవు పెట్టి ఊరెళ్ళి, మావయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో అరుదైన ఘట్టమది. ఆయన అవతలి గట్టు వైపు ఒకసారి చూశారు.

"అయితే తెల్లారకముందే రండి. గట్టు మీద ఎవరూ ఉండరు" అన్నారు.

మసక చీకట్లో ఆయన కుర్చీలో కూర్చున్నారు, నేను గెడ పట్టాను. దాన్ని నెట్టకండి, దాని మీద ఒరగండి అన్నారు. ఒరిగాను. నేను పడ్డ దెబ్బకి చెరువు నీళ్ళు పెదపాడు రోడ్డెక్కాయి. అత్తయ్యగారు తువ్వాలు పట్టుకుని గట్టు మీదే కాపురం పెట్టారు. రోజుల మీద దోనె నా మాట కొద్దికొద్దిగా వినసాగింది. నిన్నటి సంచి ఎత్తి, తేలిగ్గా ఉంది, ఈవేళ కొంచెం ఎక్కువ కట్టాలి అని నేనే చెప్పగలిగాను.

ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు సంచులు కడుతూ ఉండగానే బాగా తెల్లవారిపోయింది. అవతలి గట్టు మీద ఒకాయన పళ్ళు తోముకుంటూ నిలబడ్డాడు.

"ఏవండీ, అల్లుడుగారిని కూలికి పెట్టేసుకున్నారా?"

"నేను పెట్టడమేంటండీ, ఆయన వదిలితేగా" అన్నారు మావయ్యగారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన నడిచేదాకా మేత నేనే కట్టాను.

ఇక నేను కల్పించిందేమిటో చెప్పాలి. కుర్చీ నిజం, గొడుగు నిజం, పడడం మరీ నిజం. గట్టు మీద మనిషికి మావయ్యగారు ఇచ్చిన జవాబు మాత్రం నాది. ఆయన ఏమీ అనలేదు. తల దించుకుని, రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. గెడ మాత్రం వెనక్కి అడగలేదు.