శెట్టి అంగట్లో పెళ్లి సంచులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ధీమా మీద కాస్త అసూయగా కూడా ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు కర్నూల్లో పల్చటి ప్లాస్టిక్ కవర్లు వాడకూడదన్నారు. అంగళ్లవాళ్లకు నచ్చజెప్పే తాత్కాలిక ఉద్యోగం ఇరవైమూడేళ్ల నాకు దొరికింది. మెడలో బ్యాడ్జీ, చేతిలో కరపత్రాలు, నోటి నిండా ఉపన్యాసం. పాతబస్తీలో కిరాణా అంగడి శెట్టి నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, “అంతా బాగనే చెప్తాండావప్పా. కవర్ల్యాకుంటే చక్కెర నీ జేబులో పోసేదా? జనం చేతులూపుకుంటా వస్తారు, కవరియ్యకుంటే ఎదురంగడికి పోతారు” అన్నాడు. దానికి నా కరపత్రంలో జవాబు లేదు.

జవాబు నా గది కింద ఉన్న ప్రెస్సులో దొరికింది. ఎవరి పెళ్లికో అచ్చువేసిన పసుపు గుడ్డ సంచులు, తాంబూలానికని చేయించినవి, ఓ మూల గుట్టగా పడున్నాయి. “ఎవరూ వచ్చి తీస్కపోల్యా, అడ్డంగా ఉండాయి, నువ్వు తీస్కపో” అన్నాడు ప్రెస్సాయన. ఎందుకు తీసుకుపోలేదని అడగాలి కదా! అడగలేదు. మా ఊళ్లో కూరగాయలకు పోయే ప్రతి సంచి మీదా ఎవరిదో ఒకరి పెళ్లి ఉంటుంది (ఆ దంపతుల పిల్లలు బడికి పోతున్నా సంచి మాత్రం ఇంకా “తప్పక విచ్చేయండి” అంటూనే ఉంటుంది). ఎవరు చదువుతారులే అనుకున్నాను. శెట్టి మురిసిపోయాడు. ఉత్త సంచి చేతికివ్వడం మంచిది కాదని ఒక్కోదాంట్లో రెండు తమలపాకులు, ఒక వక్క వేసి మరీ పంచాడు.

ఆకు, వక్క, ఇరవై రోజుల్లో ముహూర్తం, కింద పెళ్లికూతురి ఇంటి చిరునామా. ఇంకేం కావాలి, అందరూ దాన్ని పిలుపే అనుకున్నారు. మూడో రోజు పొద్దున నేను శెట్టికి అభినందనలు చెబుతుండగా ఒకమ్మాయి సంచి పట్టుకుని వచ్చింది.

“ఈ పెండ్లి నాదే. మగపెండ్లోల్లు వద్దనుకొని నెలాయ. నిన్నట్నుంచి ఇంటికి జనం వస్తానే ఉండారు. ఒకామె స్టీలు బిందె గూడా తెచ్చె. మా నాయన తలుపేసుకొని కూచున్నాడు, అన్నం తినల్యా. ఎవరిచ్చినారివి?”

శెట్టి నా వైపు చూశాడు. క్షమించమని అడగబోయాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, “ఈ గుడ్డ మట్టిలో కలిసిపోతుందండీ” అని.

“దాంతోపాటు మమ్మల్ని గూడా కలిపేస్తివి గదన్నా” అంది ఆ అమ్మాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

సంచులు వెనక్కి తెస్తానని ఇల్లిల్లూ తిరిగాను. “ఇచ్చిన తాంబూలం తిరిగి అడుగుతారా యాడన్నా?” అని ఆడవాళ్లు చీవాట్లు పెట్టారు. ఒక్క సంచీ రాలేదు. ఆ సంగతి విని ఆ అమ్మాయి తన కుట్టుమిషను తెచ్చి శెట్టి అంగడి అరుగు మీద వేయించింది. సంచి తెచ్చుకుంటే పేర్ల మీద పైసా తీసుకోకుండా జేబు కుట్టిస్తామని శెట్టి చేత చెప్పించింది. జేబనగానే ఆడవాళ్లు వరుస కట్టారు.

మూడు మధ్యాహ్నాలు నడిబజార్లో కూర్చుని తన పేరును తానే కప్పుకుంటూ కుట్టింది. నేను పక్కన దారాలు తెంపేవాణ్ణి. ప్రతి ఒక్కరూ అడిగేవారు, “ఏమ్మా, పెండ్లి...?” అని. మొదటి రోజు ఆమె తల వంచుకునే జవాబు చెప్పింది. మూడో రోజుకు తలెత్తి, “నిలిచిపాయె పెద్దమ్మా. జేబు ఏ రంగుది కావాల?” అనేసింది. ఆ మాట అంటున్నప్పుడే వాళ్ల నాన్న వచ్చాడు. కాసేపు నిలబడి చూసి, కత్తెర తీసుకుని గుడ్డముక్కలు కత్తిరించడం మొదలుపెట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి (దుమ్మని చెప్పాను).

శెట్టి మళ్లీ కవర్ల ఊసెత్తలేదు. జేబుసంచి కోసం ఎదురంగడి జనం కూడా ఇటే వచ్చారు. “వ్యాపారులు చక్కగా సహకరించారు” అని నేను నివేదిక రాశాను.

ఆ మూడు రోజుల్లో క్షమించమని చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచినప్పుడల్లా ఆ అమ్మాయి పళ్లతో తెంపమని ఒక దారం అందించేది. ఇప్పుడు ఆ మాట తడుముకోకుండా చెప్పడం నాకు వచ్చింది. దారం తెంపే ముందుపళ్లు రెండే పోయాయి.