భిక్షపతి వంచని డ్రమ్ము

ఛత్రినాకలో మా పక్కింటి భిక్షపతి మున్సిపాలిటీలో దోమల మందు కొట్టే మనిషి. ఎవరి డ్రమ్ములోనైనా దోమపిల్ల పురుగు కనబడిందా, చెప్పాపెట్టకుండా నీళ్లన్నీ ఒంపేసేవాడు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లాయె! ఒళ్లు మండదా మరి? నేనైతే నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

ఆయన నవ్వేవాడు. "అక్కా, మన సికింద్రాబాద్‌లనే ఒక డాక్టర్ సాబ్ దోమ కడుపు కోసి చూసిండు. మలేరియా దోమతోనే వస్తదని దునియాకు ఎరుక చేసిండు" అనేవాడు. ఆ సాబ్ అల్మోరాలో పుట్టాడనీ, నోబెల్ బహుమతి వచ్చిందనీ సొంత మేనమామ ముచ్చటలాగా చెప్పేవాడు. ఆ సంగతి బయటపడ్డ ఆగస్టు ఇరవైని లోకమంతా దోమల దినమంటుంది. ఆ రోజు వాళ్ల ఆఫీసులో సాబ్ ఫొటోకు దండ వేసేదీ, కథ చెప్పేదీ భిక్షపతే.

ఈ ఏడు బోనాలకు ఆయన భార్య మాణిక్యమ్మ పుట్టింటివాళ్లందరినీ పిలుచుకుంది. చాలా ముందునుంచే డ్రమ్ము నింపి పెట్టుకుంది. అందులో పురుగు చూసి భిక్షపతి వంచబోతే చెయ్యి పట్టుకుంది.

"బోనమెత్తే ఇంట్ల నిండు డ్రమ్ము వంచుతరా? తల్లి ఊకుంటదా? చుట్టాలు పోయినంక నేనే పారబోస్త తియ్!"

బస్తీ అంతా లొల్లి చేసినా విననివాడు, ఆమె ఒక్క మాటకు ఆగిపోయాడు. పాపం, ఆమె ముఖంలో అంత సంబరం చూసి ఎట్లా కాదంటాడు?

చుట్టాలు వెళ్లారు. మాణిక్యమ్మకు జ్వరం పట్టుకుంది. డెంగీ అన్నారు. భిక్షపతి దవాఖానా మెట్లమీదే కూర్చుండిపోయాడు. "లేస్తదక్కా, నా మాణిక్యం మస్తు గట్టిది" అని నాకే ధైర్యం చెప్పాడు. ఆమె లేవలేదు. నా చేతులతోనే ఆమెకు పసుపు పూశాను.

ఆగస్టు ఇరవై వచ్చింది. ఈసారి రాకున్నా సరేనని ఆఫీసరు కబురు పంపినా భిక్షపతి బయలుదేరాడు. మనసొప్పక నేనూ వెంట వెళ్లాను. దండ వేశాడు. ఎప్పటిలాగే కథ ఎత్తుకుని, దోమ కడుపు కోసిన చోట ఆగిపోయాడు.

ఆఫీసరు మంచివాడే. దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యి వేశాడు.

"ఊకో భిక్షపతీ. ఎవరేం చేస్తం? ఆమె రాత గంతే."

భిక్షపతి ఆ చేతిని మెల్లగా తీసేశాడు.

"రాత గాదు సార్. దోమ. నా ఇంట్ల, నా కండ్ల ముందల పుట్టిన దోమ."